అర్థం కాలేదు సార్

పవమాన్ కాఫీ గ్లాసును విసిరికొట్టలేదు. కొట్టి ఉంటే దీపశ్రీకి కాస్త ఊపిరాడేది. మొన్న సాయంత్రం ఎమ్మిగనూరు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ భార్య చేతి కాఫీ ముట్టడు, భార్య చేతి నీళ్లు ముట్టడు, అలాగని నోరు విప్పి నాలుగు తిట్టి మనసులో భారం దించుకోడు. గ్లాసు కిటికీలో పెట్టిన చోటే ఉంది. పైన మీగడ కట్టింది.

"చల్లారిపోయింది. మళ్లీ కాచి తెస్తాను," అంది దీపశ్రీ.

"వద్దు."

"ఎన్నాళ్లుంటారు ఇట్ల?"

"నాతో పలికించేదానికి ఇంకేమైనా మాట మిగిలుంటే చెప్పు. నిలబడి పలుకుతాను. నలుగురూ చూస్తే నీకు సంతోషం గదా."

దీపశ్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. అరవాలనుకుంది. అరవడానికి లేదు. గురువారం. దేవుడి గదిలో మామగారు శ్రీపాదరావు, ఇంటిల్లిపాదీ కొలిచే గురువు రాయరి పూజలో ఉన్నారు. ఆయన మౌనం పట్టి కూర్చున్నారంటే మంగళహారతి అయ్యేదాకా ఇంట్లో ఎవరి గొంతూ లేవకూడదు. అత్తగారు కమలాబాయి మడిచీర కట్టుకుని నైవేద్యం వండుతోంది. ఆమెను ఎవరూ తాకకూడదు. మొగుడూ పెళ్లాం గొంతు పెంచి పోట్లాడుకునే సుఖం కూడా గురువారాలు ఆ కొంపలో లేదు. పళ్లు బిగబట్టి గుసగుసగా పోట్లాడుకోవాలి.

తన వల్ల తప్పు జరగలేదని దీపశ్రీ అనడం లేదు. జరిగింది. జరిగిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు చెవులు వేడెక్కుతాయి.

ఆమె ఆదోనిలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంది. ఈ ఏడు ఆమెకు ఇంకో పని అప్పగించారు. చుట్టుపక్కల కాలేజీలకు వెళ్లి లెక్చరర్లతో కూర్చోవాలి. చదువు ముగించిన పిల్లలు పని తెలిసి కూడా ఉద్యోగాల్లో నిలవడం లేదు. తెలియనిది తెలియదని చెప్పలేరు, పక్కవాడితో కలిసి చేయలేరు, పై అధికారి పొరపాటు చెప్పినా తల ఊపుతారు. దానికి వేరే పీరియడ్ అక్కర్లేదు, మీరు రోజూ చెప్పే పాఠంలోనే అడిగే, కలిసి చేసే అలవాటు చేయించండి అని చూపించాలి. కామర్సులో ఇట్లా, ల్యాబులో ఇట్లా అని. "సిలబస్సే అయ్యేట్టు లేదు, మళ్లీ ఇదొకటా మేడమ్" అని ఆలూరులోనూ గూడూరులోనూ సణిగినవాళ్లు చివరికి నవ్వుతూనే చేశారు. మొన్న ఎమ్మిగనూరు వంతు వచ్చింది. అది పవమాన్ కెమిస్ట్రీ చెప్పే కాలేజీ.

అక్కడ లెక్చరర్ల కంటే ముందు చివరి ఏడాది పిల్లలతో మాట్లాడింది. ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుందని మాటిచ్చి మరీ మాట్లాడించింది. కృప అనే అమ్మాయి అప్పుడు లేచింది. ఒక సార్ పాఠం అయ్యాక "అర్థమైందా?" అన్నాడట. క్లాసంతా ఎప్పట్లాగే "అయింది సార్" అందట. ఈ పిల్ల ఒక్కతే, "అర్థం కాలేదు సార్, మళ్లీ చెప్తారా" అందట. "అర్థం కాకపోతే పత్తి చేనుకు కూలికి పో, ఆడ అర్థం కావాల్సిన పనే లేదు," అని ఆ సార్ గంట కొట్టేదాకా ఆమెను నిలబెట్టాడట. ఎవరా సారని దీపశ్రీ అడగలేదు. పిల్ల చెప్పలేదు.

మధ్యాహ్నం లెక్చరర్ల ముందు దీపశ్రీకి ఎక్కడలేని హుషారు వచ్చింది. ఆ సంగతినే చిన్న నాటకంలా వేయించాలనుకుంది. పరాయివాళ్లను పిలిస్తే నొచ్చుకుంటారేమో, ఇంటి మనిషైతే ఏమీ అనుకోడు కదా అని మొగుడినే పిలిచింది. "పవమాన్ సార్, మీరు ఆ లెక్చరర్. నేను చెప్పినట్టు అనండి," అని పత్తి చేను మాట అందించింది.

గదిలో మాటలన్నీ ఆగిపోయాయి. పవమాన్ ఆమె కళ్లలోకి చూస్తూ, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, ఆ మాట అన్నాడు. వెనక కూర్చున్న ఫిజిక్స్ సార్ ఉచ్చీరప్ప ఆపుకోలేక కిసుక్కుమన్నాడు. అప్పుడు తెలిసింది దీపశ్రీకి, ఆ సార్ ఎవరో.

"నాకు తెలియదని ఎన్నిసార్లు చెప్పల్ల మీకు?" అంది ఇప్పుడు, కొంగు పిడికిట్లో నలుపుకుంటూ.

"ఆ పిల్ల నీకు పేరు చెప్పలేదా?"

"చెప్పలేదు. మీరు దాని పరువు క్లాసులో తీస్తిరి. అది మీ పేరు బయటికి రాకుండా దాచిపెట్టింది."

"అంటే దానికున్న సంస్కారం నాకు లేదంటావు."

"ఆ మాట అన్నారా, లేదా? అది చెప్పండి ముందు."

"అన్నాను. అంటాము. మా సార్లు మమ్మల్ని అనలేదా? మా నాయన అనలేదా? తిట్లు తినే చదువుకున్నాము. కెమిస్ట్రీ చెప్పేదానికి నాకు జీతమిస్తాండారు, పిల్లల్ని బుజ్జగించేదానికి కాదు."

"బుజ్జగించమని ఎవరన్నారు? యాసిడ్ పట్టుకునే పిల్ల అర్థం కాలేదని చెప్పకుంటే రేపు ఏ ఫ్యాక్టరీలోనో చేతులు కాల్చుకుంటుంది. అది కెమిస్ట్రీ కాదా? మీ పాఠం కాదా అది?"

పవమాన్ సంచీ భుజాన వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కుంటూ, బజారు నుంచి ఏం తేవాలో చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"సోమవారం నుంచి ప్రాక్టికల్స్. ప్రిన్సిపాల్‌తో నిన్ననే మాట్లాడినాను. క్లాసు మాటలు బయటివాళ్లకు చేరవేసినందుకు ఆ పిల్ల అందరి ముందరా నాకు క్షమాపణ చెప్పల్ల. రేపు పది గంటలలోపల. చెప్పకుంటే ల్యాబులో కాలు పెట్టనీను."

"ప్రాక్టికల్ పోతే డిగ్రీ పోతుంది!"

"పోనీ."

"చివరి ఏడాదండీ అది!"

ఆ చివరి మాట గుసగుసలో ఇమడలేదు. ఇల్లంతా వినబడింది. దేవుడి గదిలో గంట ఆగింది. శ్రీపాదరావు లోపలి నుంచి గట్టిగా చప్పట్లు కొట్టారు. నోళ్లు మూయమని దానర్థం. వంటింటి గుమ్మంలోకి కమలాబాయి వచ్చి నిలబడింది. మోకాళ్ల నొప్పులతో ఆమె ఎక్కడ నిలబడినా ద్వారబంధం పట్టుకునే నిలబడుతుంది. కొడుకునీ కోడల్నీ మార్చి మార్చి చూసింది.

పవమాన్ వీధి తలుపు మెల్లగా వేసుకుని వెళ్లిపోయాడు. పూజకు భంగం కలగకూడదని ఎంత జాగ్రత్తో ఆ మనిషికి! దీపశ్రీ కిటికీలో గ్లాసు తీసుకుపోయి చల్లారిన కాఫీ తూములో ఒంపేసింది.

* * *

కాలేజీకి సెలవు చెప్పి ఎమ్మిగనూరు బస్సెక్కింది. దారి పొడవునా పత్తి కుక్కిన బోరాల గోతాలతో లారీలు ఎదురొస్తున్నాయి. వాటిని చూసిన ప్రతిసారీ ఆ మాటే, మొగుడి గొంతుతోనే, చెవిలో పడింది. అందించింది తనే కదా! తన మీద తనకే కోపం వచ్చింది.

కృప వాళ్ల ఇల్లు ఊరి చివర, చర్చి వెనక సందులో. తండ్రి యేసేపు లారీలకు బోరాలు ఎత్తుతాడు. తల్లి మేరి పొలం పనులకు పోతుంది. ఈ రోజు ఇద్దరూ పనులు మానుకుని ఇంట్లోనే ఉన్నారు. దీపశ్రీని చూడగానే యేసేపు ప్లాస్టిక్ కుర్చీ తువ్వాలుతో తుడిచి వాకిట్లో వేశాడు. మేరి ఆ కుర్చీని కాలితో పక్కకు నెట్టింది.

"మీరేనా ఆ మేడమ్?"

"నేనేనమ్మా."

"ఆ సారు మీ ఇంటాయనంట గదా."

"అవును."

"ఇంటాయన తిట్టి పంపిస్తాడు, ఇంటామె వచ్చి బుద్ధులు సెప్తాది. బాగుంది మీ సంసారం. కలిసి సేస్తాండారా ఈ పని?"

"మేరీ, ఊరికుండు," అన్నాడు యేసేపు.

"నేనెందుకు ఉండల్ల? నిన్నట్నించీ పిల్ల మెతుకు ముట్టలేదు. పొద్దున ప్రిన్సిపాల్ ఫోన్ జేసి, మీ అమ్మాయి కాలేజీ పరువు తీసిందంట, అంటాంది. ఎవరు తీసిరి పరువు? మాది ఎవరు తీసిరి?"

లోపలి నుంచి కృప వచ్చింది. కాలేజీ చుడీదారే వేసుకుంది, జడ కూడా వేసుకుంది, ఎక్కడికీ పోయేది లేకపోయినా. దీపశ్రీని చూసి నమస్కారం పెట్టలేదు.

"కృపా, నేను నీ పేరు చెప్పలేదు," అంది దీపశ్రీ. ఆ మాట నోట్లోంచి వస్తుంటేనే దాని పస ఎంతో ఆమెకు తెలిసిపోయింది.

"మా క్లాసులో నిలబడింది నేనొక్కదాన్నే మేడమ్. ఇంగ పేరు కావాల్నా?"

దీపశ్రీ చేతిసంచీ ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"ఈడ చెప్పింది ఈడనే ఉంటాదన్యారు. మీరు అట్ల అన్యారనే చెప్తిని. మా అమ్మకు గూడ చెప్పలే నేను ఆ మాట. ఆ సార్ మీ ఇంటాయనని తెలిసుంటే మీకు చెప్తుంటినా?"

"తప్పు నాదే. నీ మాట నేను బయట పెట్టకూడదు. నాటకం ఆడించకూడదు. క్షమించు."

"చూసినారా," అంది కృప. నవ్వింది. ఆ వయసు పిల్ల నవ్వవలసిన నవ్వు కాదది. "మీకెంత సులువుగా వచ్చిందో. మీరు ఎవరి ముందరా నిలబడి చెప్పే పని లేదు. రేపు నేను క్లాసులో అందరి ముందరా చెప్పల్ల."

"నువ్వు చెప్పొద్దు."

"చెప్తాను. ప్రిన్సిపాల్ మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పేసినాను గూడ, పది గంటలకు వస్తానని. మీరే నేర్పిచ్చినారు గదా మేడమ్. ఎదుటి మనిషి కండ్లలోకి చూడల్ల. గొంతు పెంచొద్దు. సాకులు చెప్పొద్దు. జరిగినదానికి బాధ్యత నాదే అనల్ల. ఇంటర్వ్యూలో దీనికి మార్కులు పడతాయంటిరి. ఈడా పడతాయిలే."

చెంప మీద కొట్టినా అంత మండి ఉండేది కాదు. తను ఊరూరూ తిరిగి నేర్పించిన మర్యాదంతా చివరికి ఇందుకు పనికొచ్చిందా? తప్పు చేయని పిల్ల తప్పు చేసినవాడి ముందు ఎంత అందంగా తల వంచాలో నేర్పడానికా? దీపశ్రీకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం కాదు, బాగా తెలిసిన మనిషి మీది కోపం.

"సారీ సెప్తే ఏం పోతాది మేడమ్," అన్నాడు యేసేపు నేల చూపులు చూస్తూ. "పెద్దోళ్లతో మనకెందుకు? మాకు అలవాటే."

"నీకు అలవాటు!" మేరి మొగుడి మీదికి లేచింది. "నీ అలవాటు దానికి నేర్పొద్దు. దాన్ని కాలేజీకి పంపిచ్చింది అందుకు కాదు నేను."

"ఏం చేయమంటావే మరి? డిగ్రీ ఇడిసిపెట్టి కూసుంటాదా?"

మేరి కోపం అక్కడికి వచ్చి ఆగిపోయింది. కుర్చీ మళ్లీ కాలితో నెట్టింది, ఈసారి అది పడిపోయింది.

"సోమవారం నువ్వు ల్యాబులో ఉంటావు," అంది దీపశ్రీ. "క్షమాపణ చెప్పకుండానే ఉంటావు. నేను చూసుకుంటాను."

కృప పడిపోయిన కుర్చీని ఎత్తి నిలబెట్టింది. "ఏం చూసుకుంటారు మేడమ్? సాయంత్రమైతే మీరు ఆ ఇంట్లోకే గదా పోతారు."

తిరుగు బస్సు కోసం నిలబడి దీపశ్రీ ప్రిన్సిపాల్ ప్రేమలతకు ఫోన్ చేసింది. అవతల ఆమె నిట్టూర్చింది.

"చూడండి మేడమ్, అది మీ ఇంటి గొడవ. నా కాలేజీలోకి తెచ్చింది మీరు. రేపు పదిలోపల పవమాన్ సార్ నాకు ఒక్క మాట, క్షమాపణ అక్కర్లేదని చెప్తే చాలు. ల్యాబు తలుపు నేనే తీస్తాను. ఆయన చెప్పకుంటే, సీనియర్ లెక్చరర్‌ను కాదని ఒక పిల్లకోసం నేనేం చేయలేను."

ఒక్క మాట. ఆ ఒక్క మాట ఉన్న నోరు తన ఇంట్లోనే ఉంది, తన చేతి కాఫీ కూడా ముట్టకుండా.

* * *

గురువారం సాయంత్రాలు ఆ ఇంట్లో అన్నం వండరు, రవ్వతో ఉప్పిట్టే. దీపశ్రీ వచ్చేసరికి నడవలో కంచాలు పరిచి ఉన్నాయి. పవమాన్ ఒక గోడకు, శ్రీపాదరావు ఇంకో గోడకు కూర్చున్నారు. తండ్రీ కొడుకులు అప్పటికే మాట్లాడుకున్నారని ముఖాలే చెబుతున్నాయి.

"కూర్చోమ్మా," అన్నారు శ్రీపాదరావు.

"పర్వాలేదు మామయ్యా. చెప్పండి."

శ్రీపాదరావు జీవితమంతా తెలుగు పాఠం చెప్పి రిటైరైన మనిషి. ఆయన క్లాసులో ఈగ వాలితే వినబడేదని ఆదోనిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడు వినడానికి క్లాసు లేదు. రోజూ ఇంట్లోనే పురాణం చదివి అర్థం చెబుతారు. వినేది కమలాబాయి ఒక్కతే, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ. చివర ఆయన "అర్థమైందా?" అంటారు. ఆమె "అయింది" అంటుంది. ఆమె ఇంకో మాట అనగా దీపశ్రీ ఈ ఇంటికి వచ్చాక వినలేదు.

"యాడికి పోయినావమ్మా పొద్దున?"

"కృప వాళ్లింటికి."

పవమాన్ తల ఎత్తాడు. "చూసినారా నాన్నా? నేను చెప్పలేదా? మొగుడి పరువు తీసింది చాలక వాళ్ల వాకిట్లోకి పోయి నిలబడింది."

"కుర్చీ వేసినారు, కాలితో తన్నినారు. అందుకే నిలబడినాను. మీ మాటకు నాకు దక్కిన మర్యాద అది."

"దీపా!" శ్రీపాదరావు చేయెత్తారు. "అయింది అయిపోయింది. నేను ఆలోచించి చెప్తాండాను, ఇద్దరూ వినండి. నువ్వు ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి, ఆ రోజు చెప్పింది ఊరికే కల్పించిన కథ అని చెప్తావు. ఆ పిల్ల రేపు వచ్చి పవమాన్‌కు క్షమాపణ చెప్తుంది. వీడు పెద్ద మనసు చేసుకుని ల్యాబులోకి రానిస్తాడు. పిల్ల చదువూ పోదు, వీని గౌరవమూ పోదు, నీ ఉద్యోగానికీ మచ్చ రాదు."

"కథ కాదు మామయ్యా అది. జరిగింది. ఒక ఆడపిల్ల అర్థం కాలేదన్న పాపానికి, గంట కొట్టేదాకా అందరి ముందరా నిలబెట్టినారు. మీ అమ్మానాయనా కూలి చేసుకునేవాళ్లు, నువ్వూ అదే చేసుకో పో అన్నట్టే గదా ఆ మాట. దానికి ఆ పిల్లే క్షమాపణ చెప్పల్లనా?"

"గురువు అన్నాక ఒక మాట అంటాడమ్మా. నేను అనలేదా? నా క్లాసులో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, అర్థం కాలేదని లేచినోడు లేడు."

"లేవలేదు మామయ్యా. అంతమాత్రాన అందరికీ అర్థమైందనుకున్నారా?"

శ్రీపాదరావు ముఖం నల్లబడింది. ఉప్పిట్టు కంచం పక్కకు జరిపారు.

"నాన్నను కూడా అనే స్థితికి వచ్చినావా నువ్వు?" పవమాన్ అరిచాడు. పూజ లేదు, మౌనం లేదు, ఇప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టరు. "ఊరూరా తిరిగి లెక్చరర్లకు మాట్లాడేది నేర్పిస్తాండావు గదా, ముందు పెద్దోళ్లతో ఎట్ల మాట్లాడల్లనో నువ్వు నేర్చుకో!"

"నేర్చుకున్నాను! ఇన్నాళ్లూ తల ఊపినాను. ఊపి ఊపి మెడ నొప్పి వచ్చింది. మీరు నాతో మాట్లాడొద్దు, నా చేతి కాఫీ తాగొద్దు, జన్మంతా తాగొద్దు. ప్రిన్సిపాల్‌కు ఆ ఒక్క మాట చెప్పండి. క్షమాపణ అక్కర్లేదని చెప్పండి. చాలు నాకు."

"చెప్పను."

"ఎందుకు చెప్పరు?"

"చెప్తే ఒప్పుకున్నట్టే గదా, తప్పు నాదేనని!"

ఆ మాట అనేశాక అతనికే వినబడినట్టుంది. కంచంలోకి తల దించుకున్నాడు. వీధిలో ఎవరిదో ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది.

శ్రీపాదరావు గొంతు సవరించుకున్నారు. పాఠం ముగించే గొంతు అది. "చాలు. నేను చెప్పినట్టే జరగల్ల. రేపు పొద్దున దీప ఫోన్ చేస్తుంది. పది గంటలకు ఆ పిల్ల క్షమాపణ చెప్తుంది. దీన్ని ఇంట్లో ఇంక ఎవరూ ఎత్తొద్దు. అర్థమైందా?"

"అయింది నాన్నా," అన్నాడు పవమాన్.

దీపశ్రీ నోరు తెరిచింది. ఆమె కంటే ముందు వంటింటి గుమ్మంలోంచి మాట వచ్చింది.

"నాకు కాలేదు."

ముగ్గురూ అటు తిరిగారు. కమలాబాయి ఉప్పిట్టు గిన్నె ఒక చేత్తో, ద్వారబంధం ఒక చేత్తో పట్టుకుని ఉంది. గట్టిగా ఏమీ అనలేదు. కాఫీలో చక్కెర తగ్గిందన్నట్టు అంది.

"ఏం కాలేదే?" అన్నారు శ్రీపాదరావు.

"అర్థం కాలేదండీ. ఆ పిల్ల ఏం తప్పు చేసిందో. మళ్లీ చెప్పండి."

"చెప్పినాను గదా. క్లాసులో మాట బయట చెప్పింది. గురువు మీద..."

"అడిగింది ఈమె. పిల్ల చెప్పింది. పేరు కూడా చెప్పలేదంట. దాంట్లో తప్పు యాడుంది? నిదానంగా చెప్పండి, నాకు తొందరగా ఎక్కదు."

శ్రీపాదరావు మొదలుపెట్టారు. గురువన్నారు, గౌరవమన్నారు, కాలం చెడిపోయిందన్నారు. ఆవిడ గిన్నె కింద పెట్టి, శ్రద్ధగా, కళ్లార్పకుండా విన్నది. ఆ చూపుకు ఆయన మాటలు ఒకదాన్నొకటి తోసుకుని తడబడ్డాయి. మధ్యలో ఎక్కడో ఆపేశారు.

"కాలేదు," అంది కమలాబాయి మళ్లీ.

దీపశ్రీకి, అత్తగారికి మద్దతుగా ఒక మాట అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. మొన్న ఇంకొకరి మాట తను ఎత్తుకుని చేసిన నిర్వాకం చాలు.

"అమ్మా, నీకు తెలియని విషయాలివి. నువ్వు ఊరుకో," అన్నాడు పవమాన్.

"ఊరుకునే ఉంటిని గదప్పా ఇన్నేండ్లూ." ఆమె గుమ్మం దాటి నడవలోకి వచ్చింది. పట్టుకోవడానికి ద్వారబంధం లేదు అక్కడ. "మీ నాయన రోజూ పురాణం చెప్తారు. సగం నాకు తెలియదు. అడిగితే ఏమనుకుంటారోనని అయింది, అయింది అంటిని. ఆ పిల్లకు నాకున్న భయం లేదు. అడిగింది. అర్థం కాకపోతే పత్తి చేనుకు పొమ్మంటివి దాన్ని. నన్ను యాడికి పొమ్మంటావు పవమానా?"

పవమాన్ తండ్రి వైపు చూశాడు. శ్రీపాదరావు గోడ మీద రాయరి పటం వైపు చూస్తున్నారు.

"మీ నాయనను చూడొద్దు. నిన్ను అడుగుతాండాను. చెప్పు, నన్ను యాడికి పంపిస్తావు?"

"అమ్మా, నీ మోకాళ్లు... కూర్చో ముందు."

"గంట కొట్టేదాకా నిలబెట్టినావంట గదా ఆ పిల్లను. అది అడిగినదానికి జవాబు చెప్పకనే." కమలాబాయి కొంగు నడుముకు బిగించి కట్టుకుంది. కాళ్లు అప్పుడే వణుకుతున్నాయి. "నేనూ నిలబడతాను. నువ్వు జవాబు చెప్పేదాకా."

పవమాన్ లేచాడు. ఒక్క అంగలో వెళ్లి మూలనున్న కుర్చీ లాక్కొచ్చి తల్లి వెనక వేశాడు. భుజాలు పట్టి కూర్చోబెట్టబోతే ఆమె అతని చేతులు విదిలించుకుంది. దీపశ్రీ కదలలేదు. ఆమె చేతిలో ఫోన్ ఉంది. ప్రేమలత నంబరు మీద బొటనవేలు పెట్టి, దాన్ని మొగుడి వైపు చాచింది.

పవమాన్ ఫోన్ వైపు చూశాడు, కుర్చీ వైపు చూశాడు.

కమలాబాయి కూర్చోలేదు.